అంచు గీత మీద పదమూడు ఇళ్ళు

మ్యాపులాయనను దారి అడిగినవాడు తొందరలో ఉంటే ఇక అంతే సంగతులు. బస్టాండు ఎటండీ అని అడిగిన పాపానికి వాణ్ణి రోడ్డు పక్కకు లాక్కెళ్ళి, జేబులోంచి చిత్తుకాగితం తీసి, ముందు పైన ఒక బాణం వేసి ఉత్తరం అని రాసేవాడు. తర్వాత కింద అడ్డంగా ఒక గీత గీసి, ఇది వంద మీటర్లకు సమానం అనేవాడు. ఆ పక్కన ఒక గడి కట్టి, చుక్క అంటే ఇల్లు, రెండు గీతలంటే రోడ్డు అని గుర్తుల పట్టీ మొదలుపెట్టేవాడు. ఈలోగా బస్సు కాస్తా వెళ్ళిపోయేది. "గుర్తుల పట్టీ చూడకుండా పటం చదవకూడదు బాబూ, మోసపోతావు," అని ఆయన చెబుతూనే ఉండేవాడు, వాడు బస్సు వెనకాల పరిగెడుతూనే ఉండేవాడు.

సర్వే ఆఫీసులో ముప్పై ఆరేళ్ళు అదే పని చేశాడు మరి. రెండో అంతస్తు, ఉత్తరం కిటికీ, కింద నుంచి దీపం వెలిగే అద్దం బల్ల. ఆ బల్ల మీద ఫీల్డు నుంచి వచ్చిన కొలతల కాగితం పరిచి, దాని మీద పల్చటి కాగితం వేసి, ఇంకుతో గీయాలి. నీళ్ళకు నీలం, ఎత్తుపల్లాలకు గోధుమరంగు, మనిషి కట్టినదానికల్లా నలుపు. వంపు గీత మొదలుపెట్టాడంటే అది పూర్తయ్యేదాకా ఊపిరి వదిలేవాడు కాదు. పక్కవాడు తుమ్మినా సరే, ఆ రోజంతా వాడితో మాట్లాడేవాడు కాదు. అలాంటి చాదస్తం.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. పటం చూసి మనుషుల సంగతి చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు. ఎన్నడూ కాలు పెట్టని ఊరు కాగితం మీద కనిపిస్తే చాలు, "ఇళ్ళన్నీ ముద్దగా ఒకచోట ఉన్నాయంటే వీళ్ళందరికీ బావి ఒక్కటే. ఇక్కడ బారుగా ఉన్నాయి చూశావా, దారిని నమ్ముకుని బతుకుతున్నారు. ఇక్కడ చెదురుగా ఉన్నాయి, ఎవరి పొలంలో వాళ్ళకు నీళ్ళున్నాయి, ఒకళ్ళ గొడవ ఒకళ్ళకు పట్టదు," అని చెప్పేవాడు. తర్వాత వెళ్ళి చూసినవాళ్ళు నిజమేనని ముక్కున వేలేసుకునేవాళ్ళు.

ఆయనకు ఒక అక్క. తల్లి చిన్నప్పుడే పోతే, తనకంటే అయిదేళ్ళే చిన్నవాడైన తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. పట్నానికి పది కిలోమీటర్ల అవతల, ఒక మిట్ట కింద ఉన్న ఇళ్ళలోకి ఆమెను ఇచ్చారు. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ మిట్ట కింద బావిలో మాత్రం తియ్యటి నీళ్ళు. అందుకే అక్కడ పదమూడు కుటుంబాలు చేరి ఆకుకూరలు వేసుకుని, తెల్లారేసరికి గంపలతో పట్నం తెచ్చి అమ్ముకునేవి. మధ్యలో సన్నటి వీధి, పడమటివైపు ఏడు ఇళ్ళు, తూర్పువైపు ఆరు. అక్క ఇల్లు పడమటి వరుసలో నాలుగోది. బావ పోయాక కూడా ఆమె అక్కడే ఉండిపోయింది. మ్యాపులాయన నెలకో రెండుసార్లు వెళ్ళి, ఈ వైపు అన్నం తిని, ఆ వైపు అరుగు మీద కునుకు తీసి వచ్చేవాడు.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. దేశాన్నంతా ఒక్క కాగితం మీద గీయలేరు కాబట్టి, దాన్ని గళ్ళుగా కోసి ఒక్కో గడికి ఒక్కో షీటు పెడతారు. చాలా ఏళ్ళ కిందట ఆ మిట్ట ఉన్న ప్రాంతం రెండు షీట్ల మధ్య పడింది. ఎడమ షీటు మ్యాపులాయనది. కుడి షీటు పక్క బల్ల ఆయనది. ఆయన్ని అందరూ కుడిషీటాయన అనేవాళ్ళు, ఎందుకంటే ఎప్పుడూ కుడివైపు షీటే కావాలని పేచీ పెట్టేవాడు. రెండు షీట్లనూ విడదీసే అంచు గీత సరిగ్గా ఆ ఇళ్ళ మధ్య వీధి మీదుగా, నిలువునా పోయింది.

ఆఫీసులో ఒక రూలుంది. ఆ కొలతలో గీసే పటంలో పది ఇళ్ళు లేని నివాసాన్ని చూపించకూడదు. చూపిస్తూ పోతే కాగితమంతా ఈగలు వాలినట్టు చుక్కలైపోతుంది. మ్యాపులాయన తన వైపు లెక్కపెట్టాడు. ఏడు. కలం పాళీ ఇంకులో ముంచి, ఆ నాలుగో ఇంటి దగ్గర కాసేపు చెయ్యి ఆపాడు. అక్క ఇల్లని వేస్తే రేపు నలుగురూ ఏమంటారు? ఇంటివాళ్ళకో రూలు, బయటివాళ్ళకో రూలా అనరూ? పాళీ తుడిచి పక్కన పెట్టేశాడు. ఆ రోజు ఇంటికెళ్ళి, "మా అక్క ఇల్లైనా సరే వదిలేశాను తెలుసా," అని భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

కుడిషీటాయన తన వైపు లెక్కపెట్టాడు. ఆరు. ఆయనా వదిలేశాడు.

పని అయ్యాక అంచులు సరిచూసుకోవడం అక్కడ ఆనవాయితీ. రెండు షీట్లూ పక్కపక్కన ఆనించి, ఈ కాగితం మీద నుంచి దాటిన వాగు ఆ కాగితం మీద అదే చోట మొదలైందా, రోడ్డు కలిసిందా అని ఒక్కో గీతా చూస్తారు. చూశారు. ఎడమవైపు తెలుపు, కుడివైపు తెలుపు. తెలుపూ తెలుపూ చక్కగా కలిసిపోయాయి. ఇద్దరూ అడుగున సంతకాలు పెట్టేసి టీ తాగడానికి వెళ్ళారు. అక్కడ మొత్తం పదమూడు ఇళ్ళున్నాయని మ్యాపులాయనకు తెలియక కాదు. ఒక్కో ఇంట్లో ఎంతమంది పిల్లలో కూడా తెలుసు. కానీ కలం చేతపట్టుకుంటే ఆయన ఎడమ షీటు మనిషి, అంతే. గీత అవతల ఏముందో ఆ క్షణాన బుర్రకు తట్టనే లేదు. ఇలాంటి తెలివితక్కువ తెలివి ఎవరికొస్తుంది చెప్పండి, ఆ బల్ల ముందు కూర్చునేవాళ్ళకు తప్ప?

పటం అచ్చయింది. ఎవరూ అడగలేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

ఇంకో ఏడాదిలో రిటైరవుతాడనగా, ఒక పొద్దున పెద్దాఫీసరు పిలిపించాడు. పట్నం చెత్త పోయడానికి కొత్త చోటు కావాలట. చుట్టూ కిలోమీటరు దాకా నివాసాలు ఉండకూడదట. ఖాళీగా ఉన్న చోట్ల వృత్తాలు గీసి ఇమ్మన్నాడు. మ్యాపులాయన కంపాసు తీసుకుని, పై నుంచి గుర్తుపెట్టి ఇచ్చిన చోట ముల్లు గుచ్చి తిప్పాడు. పెన్సిలు సగం దూరం తిరిగాక, ఒకదానిలో ఒకటి ఉన్న రెండు గోధుమరంగు చుట్ల పక్కగా పోయింది. ఆ చుట్లు ఆయన చేత్తో గీసినవే. అవి ఆ మిట్టవి. అక్క ఇల్లు ఆ వృత్తం లోపలే పడింది.

షీటు చుట్టకుండానే పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు.

"సార్, ఈ చోటు పనికిరాదు. ఇక్కడ ఇళ్ళున్నాయి."

"ఏవీ, చూపించండి."

మ్యాపులాయన వేలు పెట్టాడు. వేలి కింద తెల్లకాగితం ఉంది.

"ఇక్కడేమీ లేదు కదండీ," అన్నాడు ఆఫీసరు.

"పదమూడు ఇళ్ళు సార్. మా అక్క ఉండేది అక్కడే."

ఆఫీసరు వంగి, షీటు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివాడు. "గీసింది మీరే."

"నేనే సార్."

"సరిచూసింది?"

"నేనూ, కుడి షీటు గీసినాయనా."

ఆఫీసరు చెడ్డవాడు కాదు, ఆ సంగతి ముందే చెప్పేయాలి. కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు. "మీరు అబద్ధం చెబుతారని నేననను. కానీ నేను పైకి పంపేది పటాన్ని, మీ మాటను కాదు. పటం సరిచేసి పట్టుకురండి, ఆ చోటు కొట్టేస్తాను. అభ్యంతరాలకు ముప్పై రోజులు టైముంది. అంచు మీద మార్పు కాబట్టి ఇద్దరి సంతకాలూ కావాలి."

ముప్పై రోజులంటే చాలా రోజులు అనుకున్నాడు మ్యాపులాయన. ఆ సాయంత్రమే కుడిషీటాయన ఇంటికి వెళ్ళాడు. ఆయన రిటైరై మూడేళ్ళయింది. వరండాలో కూర్చుని చినిగిన గొడుగుకు కుట్లు వేసుకుంటున్నాడు. చెప్పిందంతా శ్రద్ధగా విని, కాగితం తిప్పి చూశాడు.

"నా వైపు ఆరే కదా ఉన్నాయి?"

"ఆరే."

"నీ వైపు ఏడు. నేను గీసింది రూలు ప్రకారమే, నువ్వు గీసిందీ రూలు ప్రకారమే. నాది తప్పు కాదు, నీదీ తప్పు కాదు. మరి దిద్దుబాటు దేనికి?"

"రెండూ కలిపితే పదమూడు కదా."

"కలపమని మనకెవరు చెప్పారు?" అన్నాడాయన. ఇరవై రెండేళ్ళ కిందట అడిగి ఉంటే మ్యాపులాయనా అదే మాట అనేవాడు. "సర్వీసంతా ఒక్క ఎర్రగీత పడలేదు నా షీట్ల మీద. ఈ వయసులో తప్పు చేశానని సంతకం పెట్టమంటావా? ఇంకేదైనా అడుగు, చేస్తాను," అన్నాడు కుడిషీటాయన. మ్యాపులాయన మళ్ళీ రెండుసార్లు వెళ్ళాడు. రెండోసారి ఆయన టీ ఇచ్చి పంపాడు. మూడోసారి ఇంట్లో లేనని చెప్పించాడు. లోపల గొడుగు మూసిన చప్పుడు వినబడింది.

సరే, చేత్తో గీసిన షీటు సంగతి అలా ఉంచి, కంప్యూటర్లోదైనా మార్పిద్దామని కింది అంతస్తుకు వెళ్ళాడు. అక్కడ కంప్యూటరమ్మాయి ఉంటుంది. పాత షీట్లన్నీ యంత్రంలోకి ఎక్కించింది ఆమే. మ్యాపులాయనంటే గౌరవం. ఆయన అడగ్గానే ఆ ప్రాంతం తెర మీదకు తెచ్చింది.

"ఇందులో అంచు గీత ఏదమ్మా?"

"తీసేశాను సార్. షీట్లన్నీ ఒకటే అయిపోయాయి ఇప్పుడు. ఎక్కడ అతికామో మీరు కూడా పట్టుకోలేరు." ఆమె సంతోషంగానే చెప్పింది.

ఆమె తెర మీద ఒక చుక్క పెట్టి చూసింది. యంత్రం ఫీల్డు కొలత నంబరు అడిగింది. ఫీల్డు పార్టీ వెళ్ళి కొలిస్తే తప్ప ఆ నంబరు రాదు. పార్టీ వెళ్ళాలంటే కొత్త ముద్రణ వంతు రావాలి. ఆ ప్రాంతం వంతు రావడానికి ఇంకా మూడేళ్ళుంది. చుక్క కాసేపు మిణుకుమని పోయింది. "నన్నేం చేయమంటారు సార్," అంది ఆ అమ్మాయి. ఆమె మాత్రం ఏం చేస్తుంది.

అక్కకు చెప్పక తప్పలేదు. ఆదివారం నాడు రెండు షీట్లూ చంకలో పెట్టుకుని వెళ్ళి, ఆమె ఇంటి నేల మీద పక్కపక్కన పరిచాడు. అక్క తడిచేతులు కొంగుకు తుడుచుకుని, తమ్ముడి పని చూడబోతున్నానని మురిసిపోతూ కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూపించలేదు మరి.

"ఇది మిట్ట. ఇది వాగు. ఇది మీరు గంపలెత్తుకుని పట్నం వచ్చే రోడ్డు."

"అమ్మో, ఎంత సన్నగా గీశావురా. మరి మేమెక్కడ?"

ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పది ఇళ్ళ రూలు చెప్పాడు. ఏడు చెప్పాడు, ఆరు చెప్పాడు. చెత్త లారీల సంగతి చెప్పాడు. అక్క ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా వైపు ఏడే ఉన్నాయని వదిలేశావా? ఆ ఆరిళ్ళవాళ్ళు మనవాళ్ళు కాదట్రా?"

"లెక్కపెట్టలేదక్కా."

"నీకు లెక్కలు బాగా వచ్చు కదరా," అంది అక్క. నిజంగానే అర్థం కాక అడిగింది. చిన్నప్పుడు వాడు ఎక్కాలు అప్పజెబుతుంటే వీధంతా పిలిచి వినిపించినావిడ.

మిగిలింది అభ్యంతరాల ఫారం ఒక్కటే. పదమూడు ఇళ్ళ నుంచీ ఒక్కొక్కరు బయల్దేరి, మ్యాపులాయన వెంట వెళ్ళి కౌంటరు ముందు వరసగా నిలబడ్డారు. గుమాస్తా ఫారం తీసుకుని, మూడో గడి దగ్గర ఆగాడు. అక్కడ నివాసం సంఖ్య రాయాలి. ఆ సంఖ్యలు పటంలో ఉన్న ఊళ్ళకే ఇస్తారు.

"ఈ గడి ఖాళీగా ఉంటే తీసుకోనండి."

"మేం వచ్చి ఎదురుగా నిలబడ్డాం కదయ్యా," అంది అక్క. "లేమంటావేంటి?"

"మీరున్నారమ్మా. కాదన్నానా? మీ ఊరే లేదు."

వరసలో ఎవరో నవ్వారు. ఏం చేయాలో తెలియక నవ్విన నవ్వు. మ్యాపులాయన మాత్రం ఫారం మీదికి వంగి ఆ మూడో గడి చూశాడు. తన జీవితంలో గీసిన పటాల్లో ఏ ఊరికి ఏ సంఖ్యో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. దీనికి చెప్పలేకపోయాడు.

ముప్పై రోజులూ అయిపోయాయి. ముప్పై ఒకటో రోజున కాదుగానీ, ఇంకో నాలుగు నెలలకు లారీలు మొదలయ్యాయి. ముందు ఈగలొచ్చాయి. తర్వాత పొగ. వానాకాలం వెళ్ళేసరికి బావినీళ్ళ రంగు మారింది. పట్నంలో ఆకుకూరలు కొనేవాళ్ళు కట్ట ఎత్తి వాసన చూసి కింద పెట్టేయడం మొదలుపెట్టారు. ఎన్నాళ్ళని కూర్చుంటారు? ఒక్కో ఇల్లే తాళం పడింది. మ్యాపులాయన వెళ్ళినప్పుడల్లా వీధి మొదట్లో నిలబడి లెక్కపెట్టేవాడు. పదమూడు పదకొండైంది. పదకొండు పదైంది. తొమ్మిదైన రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "ఏమైందండీ?" అని భార్య అడిగితే, "ఇప్పుడు రెండు షీట్లూ కలిపి గీసినా అది ఊరు కాదు," అన్నాడు. ఆవిడకు ఏం అర్థమైందో ఏమో, కంచం మీద మూత పెట్టేసి పక్కన కూర్చుంది.

అందరికంటే ఆఖరున అక్క వచ్చింది. ఒక గంప, ఒక ట్రంకుపెట్టె, కొంగుకు కట్టుకున్న విత్తనాలు, వదలని దగ్గు. తమ్ముడి ఇంటి ముందుగదిలో మంచం వేశారు. వెనక వైపు మూడడుగుల మట్టి ఉంటే అందులో విత్తనాలు చల్లింది. పట్నంలో బోరునీళ్ళు ఉప్పన కదా, మొలిచినవి మొలిచినట్టే పసుపెక్కి వాలిపోయాయి. రెండుసార్లు చల్లి ఊరుకుంది.

మ్యాపులాయన రిటైరయ్యాడు. అయినా కాళ్ళకు బలపం కట్టుకుని తిరగడం మానలేదు. ఫీల్డు పార్టీని పంపమని పదకొండు అర్జీలు పెట్టాడు. మొదట్లో లారీలను ఆపాలని పెట్టాడు. తర్వాత్తర్వాత ఎందుకు పెడుతున్నాడో ఆయనకే తెలిసేది కాదు. అక్క మాత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది, "వేశారా?" అని. ఇంకా లేదక్కా అనేవాడు. "వేస్తారులే," అని ఆమే ధైర్యం చెప్పేది.

వంతు వచ్చింది. కొత్త ముద్రణ అయింది. కంప్యూటరమ్మాయి ఇంకు వాసన పోని కాగితం చుట్ట పట్టుకుని స్వయంగా ఇంటికి వచ్చింది. మెట్ల మీదే మొదలుపెట్టింది. "సార్, మీ అర్జీలు ఊరికే పోలేదు. పార్టీ వెళ్ళింది. కొలిచింది. పదమూడూ వచ్చాయి సార్, పటంలో."

మ్యాపులాయన కాగితం విప్పాడు. మిట్ట ఉంది. వాగు ఉంది. కిందుగా చెత్త దిబ్బకు కొత్త గుర్తు ఉంది. మిట్ట కింద సన్నటి వీధి, దానికి అటూ ఇటూ నల్లటి చిన్న గళ్ళు. ఏడు, ఆరు. ప్రతి గడికీ నాలుగు గీతలుండాల్సిన చోట మూడే ఉన్నాయి. తూర్పువైపు గీత లేదు.

ఆ గుర్తు ఏమిటో ఆయన పట్టీలో చూడనక్కర్లేదు. వేలసార్లు గీశాడు. వదిలేసిన ఇల్లు, పాడుబడిన గోడలు. వాటికి లెక్క రూలు లేదు. ఖాళీ నేల మీద నడిచేవాడికి ఆనవాలుగా పనికొస్తాయని, ఒక్క గోడ మిగిలినా వేయాలి. మనుషులుంటే పది ఇళ్ళు కావాలి. లేకపోతే ఒక్క గోడ చాలు. ఆ అమ్మాయికీ తెలుసు. పదమూడూ ఎక్కాయన్న సంబరంలో దాని అర్థం గురించి ఆగలేదు, పాపం. ఆయన మొహం చూశాక ఆగింది. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

లోపలి నుంచి అక్క గొంతు. "ఎవర్రా వచ్చింది? వేశారా?"

"వేశారక్కా."

లోపలికి వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి, ఒక పని చేశాడు. షీటు అడుగున గుర్తుల పట్టీ ఉంటుంది కదా, దాన్ని వెనక్కి మడిచి, గోటితో గట్టిగా నొక్కాడు. ముప్పై ఆరేళ్ళు దాన్ని చూడందే పటం చదవొద్దని ఊరందరి ప్రాణం తీసిన మనిషి.

అక్క మంచం మీద లేచి కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది. వేలు పెట్టి ఒక్కో ఇల్లూ లెక్కపెట్టింది, పేరుపేరునా ఎవరిదేదో చెప్పుకుంటూ. నాలుగోదాని మీద వేలు ఆగింది.

"ఇది నాదే కదూ?"

"నీదే."

"తలుపులు తీసే పెట్టారు చూడు," అంది. మొహం విప్పారింది. ఇన్నాళ్ళకు దగ్గు కూడా కాసేపు ఆగింది. కాగితం కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూసి, కాస్త అనుమానంగా తలెత్తింది. "ఒరేయ్, ఒక పొరపాటు జరిగిందిరా. అవతలి వరుస ఆరిళ్ళకూ గుమ్మాలు పడమటికి కదా, వీధి వైపుకి. వీళ్ళు అన్నిటికీ తూర్పుకే పెట్టేశారు. చెప్పరా వాళ్ళకి, నువ్వు చెబితే సరిచేస్తారు."

"రేపు వెళ్ళి చెబుతానక్కా," అన్నాడు మ్యాపులాయన.